పార్ట్రిడ్జ్ పీ పెంపకం: గింజ నుంచి గింజ దాకా

జులై, ఆగస్టు నెలల్లో టెక్సస్ నుంచి ఇల్లినాయ్ దాకా ఏ రోడ్డు పక్కన చూసినా మోకాలెత్తున పసుపు పూలు విరగబూసి ఉంటాయి. తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లకు చూడగానే తంగేడు గుర్తొస్తుంది. తంగేడుకు అది నిజంగానే చుట్టం. అక్కడివాళ్లు దాన్ని పార్ట్రిడ్జ్ పీ అంటారు, శాస్త్రీయ నామం కామెక్రిస్టా ఫాసికులాటా. ప్రెయిరీ గడ్డి మైదానాల్లో, పలుచటి ఓక్ అడవుల అంచుల్లో, ఇసుక నేలల్లో తనంతట తాను మొలిచే మొక్క. అమెరికా తూర్పు సగమంతా దాని సొంత నేల. ఉత్తరాన మిన్నెసోటా నుంచి దక్షిణాన టెక్సస్, ఫ్లోరిడాల దాకా ఉంటుంది.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామంది పెరట్లో వేసే మొదటి మొక్కలు కరివేపాకు, గోంగూర, బీర, సొర. వాటి పక్కన ఆ నేలకే చెందిన మొక్క ఒకటి వేయాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది దీని పేరే. నీళ్లు పెద్దగా అడగదు, ఎరువు అసలే అడగదు, వేసిన ఏడాదే పూస్తుంది. మీ కాకర, దోస పాదులకు కావాల్సిన తేనెటీగలు కూడా దానివల్ల పెరట్లోకి వస్తాయి.

అయితే ఒక సంగతి మొదట్లోనే తెలుసుకోవాలి. ఇది ఏకవార్షికం. వసంతంలో మొలిచి, చలికాలానికల్లా ఎండిపోతుంది. వేరులో ప్రాణం దాచుకుని మళ్లీ చిగురించే మొక్క కాదు. దాని వచ్చే ఏడాదంతా గింజలోనే ఉంటుంది, ఆ గింజకు కావాల్సింది పైకి తేలి ఉన్న మట్టి. గడ్డో, చెక్కపొట్టు మల్చో కప్పేసిన చోట అది మొలవదు. మొదటి ఏడాది బ్రహ్మాండంగా పూసి, మూడో ఏడాదికల్లా మాయమైందని చెప్పేవాళ్ల పెరళ్లలో చాలావరకు జరిగింది ఇదే. కాబట్టి మన పనంతా గింజతోనూ నేలతోనూ. మొక్క తన పని తాను చూసుకుంటుంది.

ముందు మొక్కను గుర్తుపట్టండి

ఎత్తు ఒకటి నుంచి మూడు అడుగులు. చింతాకులాగా ఈనెకు రెండు వైపులా చిన్న ఆకు రెబ్బలు జతలు జతలుగా ఉంటాయి. ముట్టుకుంటే మెల్లగా ముడుచుకుంటాయి, అత్తిపత్తి అంత వేగంగా మాత్రం కాదు. రాత్రి పూర్తిగా ముడుచుకుని, తెల్లవారాక విప్పుకుంటాయి. పువ్వు అంగుళం వెడల్పుంటుంది. అయిదు పసుపు రేకుల్లో పై రేకుల మొదట్లో ఎర్రటి మచ్చ, మధ్యలో పది కేసరాలు. వాటిలో కొన్ని పసుపు, మిగతావి ముదురు ఎరుపు.

అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఆకు కాడ మీద ఉంటుంది. మొదటి జత రెబ్బలకు కాస్త కింద, ఆవగింజ కన్నా చిన్నగా, మధ్యలో గుంట పడ్డ గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది. అది తేనె గ్రంథి. పువ్వులో తేనె చుక్క కూడా ఉండదు, తేనంతా ఇక్కడే. చీమలు దీనికోసమే మొక్క ఎక్కుతాయి, ఎక్కినవి ఆకు తినే పురుగుల్ని కొంత అదుపులో పెడతాయి. మొక్క మీద చీమలు కనిపించాయని మందు కొట్టే అలవాటుంటే ఈ మొక్క దగ్గర మానుకోండి.

దీనికి దగ్గరి పోలికతో చిన్నది ఇంకోటుంది, కామెక్రిస్టా నిక్టిటాన్స్. దాని పువ్వు అర అంగుళం కూడా ఉండదు, కేసరాలు అయిదే. అది కూడా అక్కడి స్థానిక మొక్కే కాబట్టి పీకాల్సిన పనిలేదు. పీకాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మొలకల దగ్గర చెబుతాను.

చోటు

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. పలుచటి చెట్టు నీడలో కూడా బతుకుతుంది కానీ పూలు తగ్గుతాయి. ఇసుక నేల, గరప నేల, రాళ్లు కలిసిన నేల దేనికైనా సరే. డల్లాస్ చుట్టుపక్కల ఉండే నల్లరేగడి లాంటి బంకమట్టిలో కూడా వస్తుంది, నీళ్లు నిలవకుండా ఉంటే చాలు. బలమైన నేలకోసం వెతకొద్దు. కూరగాయల మడిలా బాగా కంపోస్టు వేసిన చోట మొక్క ఏపుగా పెరిగి పక్కకు వాలిపోతుంది, కలుపు కూడా దాన్ని మింగేస్తుంది. ఇంటి చుట్టూ ఏమీ పెరగక ఎండిపోయిన పట్టీ ఏదైనా ఉంటే దానికి అదే మంచి చోటు.

ఇంటి ముందు వేయాలంటే కాలనీ సంఘం నిబంధనలు ముందు చదవండి. కొన్ని రాష్ట్రాల్లో చట్టం మీ వైపే ఉంది. నీరు ఆదా చేసే, కరువుకు తట్టుకునే తోటలను సంఘాలు పూర్తిగా నిషేధించకుండా టెక్సస్ 2013లో చట్టం చేసింది. పచ్చిక లాన్ మాత్రమే ఉండాలని పట్టుబట్టకుండా మేరీలాండ్ 2021లో చేసింది. చట్టం ఉన్నా ఇరుగుపొరుగుతో మాట పడకుండా ఉండాలంటే మడి అంచు శుభ్రంగా కత్తిరించినట్టు ఉండాలి. రాళ్ల వరసో ఇటుకల వరసో పెడితే కావాలని వేసిన మడి అని చూసేవాళ్లకు తెలుస్తుంది.

గొర్రెలు, మేకలు, ఆవులు పెంచే పొలంలో అయితే కంచె అవతల వేయండి. ఈ జాతి ఆకులో విరేచనకారి గుణం ఉంది. పశువులు ఎక్కువగా మేస్తే జబ్బు పడతాయి.

గింజలు: ఎక్కడివి, ఎన్ని

స్థానిక మొక్కల గింజలమ్మే నర్సరీల్లో తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ గింజలు ఏ రాష్ట్రంలో పండినవి?

ఆ ప్రశ్న ఎందుకంటే, ఈ మొక్క మీద జరిగిన ఒక పేరున్న పరిశోధన ఉంది. జూలీ ఎటర్సన్, రూత్ షా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మిన్నెసోటా, కాన్సస్, ఓక్లహోమాల నుంచి తెచ్చిన పార్ట్రిడ్జ్ పీ రకాలను వేర్వేరు రాష్ట్రాల్లో పెంచి చూశారు. 2001లో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఉత్తరాది మొక్కలను దక్షిణాది ఎండలో పెంచితే గింజల దిగుబడి బాగా పడిపోయింది. వాతావరణం మారే వేగానికి తగ్గట్టు ఈ మొక్క మారలేకపోవచ్చని కూడా వాళ్లు తేల్చారు. అలాగని మీ ఊరి గింజే కావాలని భీష్మించుకోనక్కర్లేదు. పక్క జిల్లా, పక్క రాష్ట్రం గింజలు బాగానే పనిచేస్తాయి, దూరం వందల మైళ్లు దాటినప్పుడే తేడా కొడుతుంది. హ్యూస్టన్‌లో ఉండి మిన్నెసోటా గింజలు తెప్పించుకోకపోతే చాలు.

వంద చదరపు అడుగుల మడికి పావు ఔన్సు సరిపోతుంది. గింజల సైజును బట్టి అందులో 700 నుంచి 1,000 దాకా ఉంటాయి, అంటే చదరపు అడుగుకు ఏడు నుంచి పది. ఇది ఒక్కటే వేసే మడికి లెక్క. లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి, పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ లాంటి బహువార్షికాలతో, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్కలతో కలిపి వేస్తుంటే అందులో నాలుగో వంతు కూడా వేయకండి. బహువార్షికాలు మొదటి ఏడాది వేళ్లు దింపుకునే పనిలో ఉంటాయి. ఇది ఆ ఏడాదే మూడడుగులు లేచి వాటికి ఎండ అందకుండా చేస్తుంది.

ఎప్పుడు వేయాలి

రెండు అదనులున్నాయి. నవంబరులో, నేల చల్లబడ్డాక చల్లితే చలికాలపు తడీ, మంచూ గింజ పైపొరను మెత్తబరుస్తాయి, మీరు ఇంకేమీ చేయక్కర్లేదు. ప్రకృతి పద్ధతి ఇదే కాబట్టి నేనైతే దీన్నే ఎంచుకోమంటాను. పిట్టలకు, ఎలుకలకు కొన్ని గింజలు పోతాయి, ఆ మేరకు కాస్త ఎక్కువ చల్లండి.

రెండో అదను వసంతం. టెక్సస్‌లో మార్చి, ఇల్లినాయ్, ఒహాయో వైపు ఏప్రిల్ చివర నుంచి మే. అప్పుడు వేయాలంటే గింజను ముందు సిద్ధం చేయాలి.

వసంతంలో వేసే గింజకు మూడు పనులు

మొదటిది గీరడం. గింజ నల్లగా, బల్లపరుపుగా, గట్టి పెంకుతో ఉంటుంది. ఆ పెంకు నీటిని లోపలికి పోనివ్వదు. రెండు గరుకు కాగితాల మధ్య పెట్టి అరచేత్తో అర నిమిషం రుద్దండి. మెరుపు పోయి సన్నటి గీతలు పడితే చాలు, లోపలి తెల్లటి పప్పు బయటపడేదాకా రుద్దితే గింజ పాడవుతుంది.

రెండోది చలి చూపించడం. గీరిన గింజలను తడి ఇసుకలో కలిపి, జిప్ సంచిలో వేసి, ఫ్రిజ్‌లో పది రోజుల నుంచి మూడు వారాల దాకా ఉంచండి. ఇసుకను పిడికిట్లో పిండితే నీటి చుక్క రాకూడదు, అంతే తడి. మధ్యలో ఓసారి చూసి మొలక కనిపిస్తే వెంటనే విత్తేయండి.

మూడోది రైజోబియం, అంటే వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవిని, పట్టించడం. మన ఊళ్లలో కంది, వేరుశనగ విత్తనానికి చల్లారిన బెల్లం పాకంతో రైజోబియం కల్చర్ పట్టిస్తారు కదా, అదే పని. అమెరికాలో అలసందల కోసం అమ్మే కల్చర్ దీనికి పనికొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రోజే, నీడలో, క్లోరిన్ లేని నీటితో కలపండి. ఎండ తగిలినా, కుళాయి నీటిలోని క్లోరిన్ తగిలినా ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పాత ప్రెయిరీ నేల దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇది లేకపోయినా ఫర్వాలేదు, మట్టిలోనే ఉంటాయి. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర పైమట్టి గీకేసి ఉంటారు, అక్కడ తప్పక పట్టించండి.

తంగేడుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. చాలాకాలం రెండిటినీ కాసియా అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే శాస్త్రవేత్తలు దాన్ని మూడుగా విడదీశారు. తంగేడు సెన్నాలోకి వెళ్లింది, ఇది కామెక్రిస్టాలోకి వచ్చింది. సెన్నాల వేళ్లకు నత్రజని బుడిపెలు రావు, కామెక్రిస్టాలకు వస్తాయి. జూన్‌లో ఒక మొక్కను జాగ్రత్తగా పెకిలించి చూడండి. వేళ్ల మీద చిన్న బుడిపెలుంటాయి. గోటితో ఒకదాన్ని చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి. అలా ఉంటే గాలిలోని నత్రజనిని మొక్క వాడుకుంటున్నట్టే. లోపల తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే అవి పనిచేయడం లేదు. ఈ కారణంగానే ఎరువు వేయొద్దని అంటున్నాను. నత్రజని మట్టిలోనే పుష్కలంగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది.

నేల తయారీ, విత్తడం

ఉన్న గడ్డిని ముందే చంపాలి. తేలికైన దారి, వేసవిలో మడి మీద పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలేయడం. ఆ వేడికి గడ్డీ, కలుపు గింజలూ చాలావరకు చచ్చిపోతాయి. ఆ తర్వాత నేలను లోతుగా తిరగేయకండి. తిరగేస్తే అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు పైకొస్తాయి. రేక్‌తో పైపైన అర అంగుళం గీరితే చాలు.

గింజలను నాలుగింతల పొడి ఇసుకతో కలిపి, సగం అటు నుంచి ఇటు, మిగతా సగం అడ్డంగా చల్లండి. పావు అంగుళం మట్టి పైన పడేలా రేక్ వెనకవైపుతో సర్ది, కాళ్లతో తొక్కండి. తొక్కడం మరిచిపోకూడదు, గింజకూ మట్టికీ మధ్య గాలి ఉంటే మొలక ఎండిపోతుంది. పైన మల్చ్ వేయొద్దు.

కుండీలో నారు పోసి నాటాలనుకుంటే, దీనికి తల్లివేరు నేరుగా దిగుతుంది కాబట్టి వేరు కదిలితే ఒప్పుకోదు. లోతైన కాగితపు గ్లాసుల్లో పెంచి, రెండు మూడు ఆకులున్నప్పుడే మట్టితో సహా దించాలి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు అడుగు లోతున్న కుండీలో నేరుగా మూడు నాలుగు గింజలు వేసుకోవచ్చు. బాల్కనీకి ఎండ వస్తే పూస్తుంది.

మొలకలు

వసంతంలో వేస్తే రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి. మొదటి మూడు నాలుగు వారాలు నేల పైపొర ఎండకుండా నీళ్లు చిలకరించండి, ఆ తర్వాత వాన చాలు. కుందేళ్లు లేత మొలకలను కొరుకుతాయి. మొక్క జానెడు అయ్యేదాకా చుట్టూ వైరు మెష్ పెడితే బెడద తప్పుతుంది.

దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది తికమకపడేది ఇక్కడే. నేల ఉసిరి జాతి కలుపు ఒకటి అక్కడి మళ్లను కమ్మేస్తోంది, ఫిల్లాంథస్ యూరినేరియా. చిన్నప్పుడు దాని ఆకు అచ్చం దీనిలాగే ఉంటుంది. కొమ్మను తిప్పి కింది వైపు చూడండి. ఆకుల కింద వరసగా గుండ్రటి చిన్న కాయలుంటే అది నేల ఉసిరి, పీకేయండి. కాయలింకా రాకపోతే ఆకు కాడ మీద తేనె బుడిపెకోసం వెతకండి, ఉంటే అది మన మొక్క. ఇంకోటి, మిమోసా చెట్టు అని అక్కడివాళ్లు పిలిచే అల్బిజియా మొలకలు. వాటి ఆకు ఈనె మళ్లీ పిల్ల ఈనెలుగా చీలుతుంది. పార్ట్రిడ్జ్ పీకి ఈనె ఒక్కటే. ఆ రెండూ ఆసియా నుంచి వెళ్లి అక్కడ దౌర్జన్యంగా పెరుగుతున్నవే కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

మొక్కకూ మొక్కకూ ఆరు అంగుళాలు ఉండేలా పలచబరిస్తే ఒక్కొక్కటీ గుబురుగా కొమ్మలేస్తుంది. దగ్గరదగ్గరగా వదిలితే సన్నగా పొడుగ్గా ఎదుగుతుంది, వాన కొడితే పడిపోతుంది.

పూత కాలం

జులై నుంచి సెప్టెంబరు దాకా, దక్షిణాన అక్టోబరులో కూడా పూస్తుంది. ఒక్కో పువ్వు బతికేది ఒక్క రోజు. పొద్దున విచ్చి సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు పక్కన ఇంకోటి. బతుకమ్మ పేర్చడానికి తంగేడుకు బదులుగా వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. రంగు సరిపోతుంది, కానీ రేకులు పల్చన, కోసిన కాసేపటికే వడలిపోతాయి. పళ్లెం పైవరసలో ఆఖరి నిమిషంలో పెట్టుకోవడానికి నాలుగు పూలు పనికొస్తాయేమో గానీ దాన్ని నమ్ముకుని బతుకమ్మ పేర్చలేం.

పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు ఒక స్టూలు వేసుకుని మడి పక్కన కూర్చోండి. బంబుల్‌బీలు వస్తాయి, మన తుమ్మెదల కుటుంబానివే. పువ్వు మీద వాలగానే వాటి చప్పుడు ఒక్కసారిగా మారుతుంది. ఎగిరేటప్పటి బొంగురు గొంతు పోయి, సన్నటి, పదునైన ఝుంకారం తెగి తెగి వినిపిస్తుంది. కేసరాల చివర సూదిమొనంత రంధ్రం తప్ప పుప్పొడి రావడానికి వేరే దారి లేదు. బంబుల్‌బీ కేసరాలను పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రాలి దాని ఒంటి మీద పడుతుంది. తంగేడులోనూ, టమాటాలోనూ, వంకాయలోనూ ఇదే ఏర్పాటు. ఈ మడి పక్కనే వంగ, టమాటా ఉంటే ఆ బంబుల్‌బీలే వాటి దగ్గరకూ వెళ్తాయి.

ఇప్పుడు పక్కపక్కనున్న రెండు పూలను ఎదురుగా చూడండి. ఒకదానిలో కీలం, అంటే పుప్పొడిని అందుకునే సన్నటి కాడ, ఎడమకు వంగి ఉంటుంది, ఇంకోదానిలో కుడికి. ఒకే మొక్క మీద రెండు రకాలూ పూస్తాయి, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఎడమ పువ్వులో బంబుల్‌బీ ఒంటికి ఒక పక్క అంటుకున్న పుప్పొడి కుడి పువ్వు కీలానికి తగిలే వీలు ఎక్కువ.

ఆగస్టుకల్లా ఆకుల మీద గొంగళి పురుగులు కనిపిస్తాయి. క్లౌడ్‌లెస్ సల్ఫర్, లిటిల్ ఎల్లో, స్లీపీ ఆరెంజ్ అనే పసుపు, నారింజ సీతాకోకచిలుకలవి. క్లౌడ్‌లెస్ సల్ఫర్ పురుగు ఆకులు తింటే పచ్చగా, పూలు తింటే పసుపుగా ఉంటుంది. ఆకులు సగం పోయినా మొక్కకు ప్రమాదం లేదు. వేపనూనె కూడా కొట్టొద్దు. వాటికోసమే కదా ఈ మొక్క వేసింది.

గింజ సేకరణ

కాయ బల్లపరుపుగా రెండంగుళాలుంటుంది. లోపల నాలుగు నుంచి ఇరవై దాకా గింజలు. ఎండిన కాయ రెండు పెచ్చులూ మెలితిరిగి ఠప్పున పగిలి గింజలను కొన్ని అడుగుల దూరం విసిరేస్తుంది. నల్లబడ్డ కాయలు కోద్దామని మధ్యాహ్నం ఎండలో వెళ్తే చేయి తగలగానే పేలిపోతాయి. పొద్దున్నే, మంచు తడి ఉండగా వెళ్లండి. పూర్తిగా ఎండని, గోధుమరంగుకు తిరిగిన కాయలను కత్తెరతో కోసి, కాగితపు సంచిలో వేసి మూతి మడిచి వారం రోజులు వదిలేస్తే అవే పగిలిపోతాయి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. గింజలను ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, సీసాలో పోసి, ఏ ఊరివో ఏ ఏడాదివో రాసిపెట్టుకోండి.

అన్నీ కోయకండి. బాబ్‌వైట్ అనే కౌజు పిట్టలకు చలికాలంలో ఈ గింజలు ముఖ్యమైన తిండి. ఎండిన మొక్కలను కూడా ఫిబ్రవరి దాకా అలాగే నిలబడనివ్వండి.

రెండో ఏడాది, మూడో ఏడాది

ఫిబ్రవరి చివర ఎండు మొక్కలను జానెడు ఎత్తుకు కోసి, పడిన చెత్తలో సగమైనా ఎత్తేసి, రేక్‌తో మట్టిని గట్టిగా గీరండి. ప్రెయిరీలో ఈ పని నిప్పూ, అడవిదున్నల గిట్టలూ చేసేవి. ఏటా ఈ ఒక్క పూట పని చేస్తే పార్ట్రిడ్జ్ పీ మీ మడి వదిలిపోదు. బహువార్షికాలు కలిపి వేసినవాళ్లు మూడో ఏడాదికి అవి నేలను మూసేయడం చూస్తారు, ఇది వెనక్కు తగ్గుతుంది. మడి పెరుగుదలలో అది సహజమే. గింజలు మట్టిలో ఏళ్లకేళ్లు బతికే ఉంటాయి, ఎక్కడైనా నేల తెరిచి గీరితే అక్కడ మళ్లీ మొలుస్తాయి.

మరీ ఎక్కువైతే కాయలు ముదరకముందే, ఆగస్టులో, వద్దనుకున్నవి పీకేయండి. వాన పడ్డ మర్నాడు వేరుతో సహా తేలిగ్గా వస్తాయి.

ఇండియాకు తేవద్దు

సెలవులకు వచ్చేటప్పుడు నాలుగు గింజలు జేబులో వేసుకొచ్చి అమ్మగారింట్లో చల్లుదామని అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు తేవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. అంతకన్నా ముఖ్యం, ఏటా వేల గింజలు విసిరే ఏకవార్షికం కొత్త నేలలో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. వయ్యారిభామ మన పొలాలను ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి ఇలాంటి మొక్కే కావాలనుకునేవాళ్లకు మన కామెక్రిస్టాలు మనకున్నాయి. బీడుల్లో, గుట్టల వాలుల్లో తొలకరికి మొలిచే చనుపాల విత్తుల మొక్క, అంటే కామెక్రిస్టా ఆబ్సస్, అందులో ఒకటి. నాలుగు రెబ్బల ఆకు, చిన్న పసుపు పువ్వు, ముట్టుకుంటే వేళ్లకు అంటే జిగట నూగు. కార్తీకంలో కాయలు ఎండుతున్నప్పుడు, ఎవరూ దున్నని గట్టు మీద నుంచి గుప్పెడు మాత్రం కోసుకుని, వచ్చే జూన్‌లో మొదటి వానకు ముందు పైన చెప్పినట్టే గరుకు కాగితంతో గీరి, పావు అంగుళం లోతున వేయండి.